సాక్ష్యం పోదు, ఏడవనివ్వండి

మొన్న నర్సంపేట వైపు ఒక పల్లెలో ఆదరణ కూటానికి, అంటే మనిషి పోయిన ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థనకు వెళ్లాను. చనిపోయినాయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు. గుండెపోటు. భార్య ఇంకా చిన్నది, ఇద్దరు పిల్లలు. పాటలు, వాక్యం అయ్యాక ఆమెను ముందుకు పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. మైకు పట్టుకుని "ప్రభువుకు స్తోత్రం" అంది. ఆ తర్వాత మాట రాలేదు. సన్నగా మొదలైన ఏడుపు కాసేపట్లో శోకంగా మారింది. "నన్నెవలకు అప్పజెప్పి పోతివయ్యా" అని రాగం ఎత్తుకుంది. ప్రసంగీకుడు మైకు తీసుకుని, "ఏడవొద్దమ్మా, నువ్వే ఇట్ల ఏడిస్తే అన్యుల ముందు మన సాక్ష్యం ఏమైతది?" అన్నాడు. టెంటు కింద సగం మంది ఆమెన్ అన్నారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని పిల్లల పక్కన కూర్చుంది.

ఆ ప్రసంగీకుడు మనసు లేనివాడేం కాదు. ఆ ఇంటికి బియ్యం బస్తా తెచ్చింది కూడా ఆయనే. సాక్ష్యమంటే మన బతుకులో బయటివాళ్లకు కనిపించే విశ్వాసం. అది పోతుందన్న మాట ఆయన సొంతం కూడా కాదు. మన సంఘాల్లో భూస్థాపనలో, మూడో రోజు ప్రార్థనలో, ఆదరణ కూటంలో ఎన్నో నోళ్ల నుంచి అదే వింటాం. నాకు ఆ మాట మీదే అభ్యంతరం.

క్రైస్తవ విశ్వాసం దుఃఖంలో ఉన్నవాళ్లను నిలబెడుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మా ఇంట్లో కళ్లారా చూశాను. అయితే నేను చూసిన ఆదరణ ఏడుపులోంచే వచ్చింది, ఏడుపును ఆపినప్పుడు రాలేదు. మన ఆడవాళ్లు పెట్టే శోకానికి సంఘంలో చోటు ఉండాలి. గేటు బయటనో, ఇంటి వెనకో కాదు. ప్రార్థన జరిగే చోటనే, పాస్టరుగారు కూర్చున్న చోటనే ఉండాలి.

మా ఇంట్లో జరిగింది

మా ఊరు మానుకోట (మహబూబాబాద్) దగ్గర. మా తమ్ముడు మిర్చి వేసేవాడు, ఏటా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలేవాడు. 2021 మేలో కరోనాతో పోయాడు. ఆ నెల 12 నుంచి లాక్‌డౌన్. పొద్దున 6 నుంచి 10 దాకానే బయట తిరగనిచ్చేవాళ్లు. అంత్యక్రియలకు 20 మందికి మించొద్దన్నారు. మా దగ్గర అంతమంది కూడా లేరు. పాస్టరుగారు మాస్కు వేసుకుని దూరంగా నిలబడి ప్రార్థన చేశారు. పెట్టె తెరవనివ్వలేదు. అమ్మకు కూడా పాజిటివ్ రావడంతో ఆమెను సమాధుల తోటకు తీసుకుపోలేదు. కొడుకును మట్టిలో పెట్టడం ఆమె మరదలి ఫోన్లో చూసింది.

అమ్మ ఏడవలేదు. చూసినవాళ్లంతా ఎంత ధైర్యమో అన్నారు. ఫోన్లు వచ్చేవి. "దేవుని చిత్తం అమ్మా, ధైర్యంగ ఉండు", "దేవుడు మంచోళ్లనే ముందుగాల తీస్కపోతడు." వాట్సాప్‌లో పువ్వుల బొమ్మల మీద వాక్యాలు వచ్చేవి, ఎక్కువగా రోమా 8:28, సమస్తమూ మేలుకే సమకూడి జరుగుతున్నాయని. అమ్మ "ఆఁ, అవునయ్యా" అని ఫోన్ నా చేతికిచ్చేది. తినడం తగ్గింది. సాయంత్రం ప్రార్థనకు అందరితో కూర్చునేది గానీ నోరు మెదిపేది కాదు. నా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ప్రార్థన ముగించేది అమ్మే. ఆ నెలంతా మరదలే ముగించింది.

జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశారు. ఆ తర్వాత రెండు మూడు రోజులకే ఇల్లందు వైపు నుంచి పెద్దమ్మ వచ్చింది. పెద్దమ్మ బాప్తిస్మం తీసుకోలేదు, ఎల్లమ్మకు బోనం చేసే ఇంటికి కోడలుగా పోయింది. ఆటో దిగి ఇంకా గేటు దాటలేదు, చెయ్యి నెత్తిన పెట్టుకుని శోకం ఎత్తుకుంది. "మిర్పకాయ బస్తాల మీద కూసోని వొస్తివి కొడుకా, పెద్దమ్మా చాయ్ పెట్టమంటివి కొడుకా, ఏ బండెక్కి పోతివి కొడుకా" అని. తమ్ముడు ఒకసారి జ్వరంతో ఉన్న ఆమెను బండి మీద ఖమ్మం తీసుకెళ్లిన సంగతి చెప్పింది. చిన్నప్పుడు బాయిలో పడబోతే తాను జుట్టు పట్టి లాగిన సంగతి చెప్పింది. అవన్నీ రాగంలోనే. అమ్మ కుర్చీలోంచి లేచి, ఆమె మెడ పట్టుకుని, అప్పటిదాకా మేము వినని గొంతుతో ఏడ్చింది. ఇద్దరూ గడపలో కూలబడ్డారు. ఒకరు ఒక మాట అంటే ఇంకొకరు అందుకునేవారు. చుట్టుపక్కల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు.

అట్లా ఎంతసేపు గడిచిందో తెలీదు. అమ్మ శోకం పెద్దమ్మ వైపు నుంచి పైకి తిరిగింది. "ఓ దేవా, నిన్ను నమ్ముకున్నందుకు నా కడుపు కోత్తివా? నన్ను తీస్కపోక నా కొడుకునెందుకు తీస్కపోతివి?" అంది. మరదలు భయపడి నా వైపు చూసింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థన అమ్మే ముగించింది. మునుపటిలా పొడుగ్గా లేదు. "దేవా, నాకు సమజైత లేదు. నన్ను ఇడువకు" అంది, అంతే. మర్నాడు పెద్దమ్మతో కలిసి అన్నం తిన్నది.

ఇది చెబితే ఒక స్నేహితురాలు సూటిగా అడిగింది: "మరి మీ అమ్మను ఆదరించింది క్రైస్తవ విశ్వాసమెట్లా అయింది? బోనం ఎత్తే పెద్దమ్మ శోకం కదా?" ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. నాకు తోచింది ఇది. పెద్దమ్మ వచ్చి మూతపడ్డ నోరు తెరిపించింది. తెరుచుకున్నాక ఆ నోరు ఎవరితో మాట్లాడిందన్నది నాకు ముఖ్యం. అమ్మ తన దేవునితో పోట్లాడింది. నెల రోజులుగా ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి, ఆ రోజు నిలదీయడానికైనా ఆయన వైపే తిరిగింది. నమ్మకం లేకపోతే ఎవరిని నిలదీస్తారు?

బైబిల్లో ఎవరు నోరు మూసుకున్నారు?

శోకం అవిశ్వాసమనేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది యోబును. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను" అన్న మాట మన పల్లెల్లో సమాధి రాళ్ల మీద కూడా కనిపిస్తుంది. ఆ మాట అన్నది యోబు. చనిపోయిన తన పిల్లల గురించి, తన నోటితో అన్నాడు. పక్కనున్నవాళ్లు యోబుకు చెప్పిన మాట కాదది. అదే యోబు మూడో అధ్యాయానికి వచ్చేసరికి తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. స్నేహితులు వచ్చి మొదట ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతనితో పాటు నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. ఆ తర్వాత నోరు విప్పి దేవుని తరఫున వకాల్తా పుచ్చుకుని ఎన్నో అధ్యాయాలు మాట్లాడారు. చివరికి దేవునికి కోపం వచ్చింది వాళ్ల మీద. తన మీద అంత గట్టిగా ఫిర్యాదు చేసిన యోబునే తన గురించి సరిగ్గా మాట్లాడాడన్నాడు. నేను విన్న ఆదరణ ప్రసంగాల్లో ఆ చివరి అధ్యాయం దాకా వెళ్లినవి చాలా తక్కువ.

నయోమి సంగతి చూడండి. భర్తా ఇద్దరు కొడుకులూ పోయాక ఊరికి తిరిగొచ్చింది. బేత్లెహేము ఆడవాళ్లంతా చుట్టూ చేరితే, సర్వశక్తుడు నాకు చేదు మిగిల్చాడు, నన్ను మారా, అంటే చేదు, అని పిలవండి అని నలుగురిలో అంది. మా అమ్మ గడపలో అన్నదానికీ దీనికీ తేడా ఏముంది? ఆ ఊరి ఆడవాళ్లెవరూ ఆమెకు సాక్ష్యం గురించి చెప్పలేదు. తర్వాత మనవడు పుట్టినప్పుడు ఆమెతో మాట్లాడుతూ దేవుణ్ని స్తుతించింది కూడా ఆ ఊరి ఆడవాళ్లే.

88వ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న చోట ఆగిపోతుంది. కింద ఒక్క స్తుతి మాట కూడా లేదు. దాన్ని అట్లాగే ఉంచి దేవుని ఇంట్లో పాడుకున్నారు. యిర్మీయా గ్రంథంలోనైతే రోదనం చేసే స్త్రీలను, ఆ పని బాగా తెలిసినవాళ్లను పిలిపించండని, వాళ్లు తమ కూతుళ్లకు, పొరుగువాళ్లకు ఆ విలాపం నేర్పాలని దేవుడే చెబుతాడు. మా పెద్దమ్మలాంటి వాళ్లనే కదా పిలవమన్నది! యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రంతా ఏడుస్తూ, ఆమె బతికుండగా కుట్టిచ్చిన బట్టలు పేతురుకు చూపించారు. మన శోకంలో జరిగేదీ అదే. పోయిన మనిషి ఏం పెట్టాడు, ఎక్కడికి తీసుకెళ్లాడు, ఏం కొనిచ్చాడు, ఒక్కొక్కటీ పేరుపేరునా బయటికి తీసి నలుగురికీ చూపించడం. పేతురు వాళ్లను గదిలోంచి పంపాడు, నిజమే. పంపి మోకరించి ఆమెను లేపాడు, లేపి మళ్లీ వాళ్లకే అప్పగించాడు.

అక్కడే మా పాస్టరుగారితో నాకు వాదన వచ్చింది. ఆయన నెమ్మదస్తుడు, నేను చెప్పేది పూర్తిగా విన్నాక మాట్లాడతారు. "బిడ్డ చచ్చిపోయిన యాయీరు ఇంట్ల యేసు ఏం చేసిండు? వాయించేటోళ్లను, గోల చేసేటోళ్లను బయటికి పంపలేదా? నాయీనులో విధవరాలికి ఏడవొద్దని చెప్పలేదా?" అన్నారు. సరైన ప్రశ్న. నేను చెప్పిన జవాబు ఆయనకు నచ్చిందో లేదో గానీ, నాకు మాత్రం అదే నిజమనిపిస్తుంది. నాయీనులో యేసు ఏడవొద్దన్నాడు, వెంటనే పాడెను ముట్టుకున్నాడు, కొడుకును లేపి తల్లికి అప్పగించాడు. యాయీరు కూతురి చెయ్యి పట్టుకుని లేపాడు. ఏడవొద్దనే మాట వెనక ఆ పని ఉంది. మనం మైకు పట్టుకుని ఏడవొద్దంటాం, తర్వాత భోజనాలు చేసి ఇంటికి పోతాం.

ఇంకొకటి, చనిపోయి సమాధిలో ఉన్న లాజరు విషయం. కాసేపట్లో అతన్ని పిలిస్తే బయటికి వస్తాడని యేసుకు తెలుసు. లాజరు తోబుట్టువు మార్తకు పునరుత్థానం గురించి చెప్పింది కూడా అప్పుడే. అయినా ఇంకో తోబుట్టువు మరియ ఏడవడం, ఆమెతో వచ్చినవాళ్లు ఏడవడం చూసి "యేసు కన్నీళ్లు విడిచెను." అంత నమ్మకంగా తెలిసిన మనిషే ఏడ్చాక, నమ్మకం ఉంటే ఏడుపు రాకూడదని మనమెట్లా అంటాం? పౌలు కూడా, తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బు నయం కాకపోయి ఉంటే తనకు "దుఃఖముమీద దుఃఖము" కలిగేదని ఫిలిప్పీయులకు దాపరికం లేకుండా రాశాడు. చావైతే లాభమని అదే ఉత్తరంలో రాసిన పౌలే.

పెద్దల భయం

మన పెద్దలు శోకాన్ని ఎందుకు పక్కన పెట్టారో నాకు అర్థమవుతుంది. మా తాత చెప్పేవాడు, వాడలో చావు అయితే సారా, అప్పు, కొట్లాట, ఇవి లేకుండా శవం లేచేది కాదట. మూడొద్దులకు పిట్ట ముట్టలేదని ఇంటి కోడలిని ఆడిపోసుకునేవాళ్లట. ఆ చెరలోంచి బయటపడ్డవాళ్లు దాంతో ముడిపడ్డ ప్రతిదాన్నీ వదిలేశారు. తాగుడుతో పాటు డప్పు పోయింది, డప్పుతో పాటు శోకం పోయింది. భయం, అప్పు లేకుండా, పాటలతో మనిషిని సాగనంపడం వాళ్లకు ఎంత పెద్ద ఊరటో, ఆ ఊరటలో పుట్టి పెరిగిన నాకు పూర్తిగా తెలియకపోవచ్చు. మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ పదకొండో రోజు చేస్తారు, మిగతా సగం ఆదరణ కూటం పెడతారు. రెండూ పెట్టాల్సి వచ్చిన ఇళ్లలో ఎన్ని మాటలు పడాలో చూశాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. శోకంలో నటన ఉంటుంది. ఎవరు ఎక్కువ ఏడ్చారు, కోడలు ఎందుకు ఏడవలేదు అని లెక్కలు తీసే నోళ్లుంటాయి. శోకం పేరుతో కోడలి మీద నిందలు వేసేవాళ్లు ఉంటారు. అందరూ గొంతెత్తి ఏడవాలనే కొత్త రూలు పెడితే అదీ దౌర్జన్యమే. హన్మకొండలో మా పక్కింటి మాస్టారు, తన భార్య శవపేటిక పక్కన నిలబడి, గొంతు వణక్కుండా కీర్తన మొత్తం పాడారు. అది నటన కాదని ఆయన ముఖం చూసినవాళ్లందరికీ తెలుసు. అట్లాంటివాళ్లకు ఆ పాటే చాలు. నేను అడిగేది వాళ్లను ఏడిపించమని కాదు, ఏడ్చేవాళ్లను ఆపొద్దని.

ఇక్కడిది వదిలేస్తేనే మంచి క్రైస్తవులమవుతామన్న మాటకు డోర్నకల్ గుడే జవాబు. అక్కడ మొదటి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో అభిషేకమైన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్ చూసినవాళ్లకు తెలుసు, అది ఇంగ్లాండు గుడికి నకలు కాదు. మన గుళ్ల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు అందులో కలిసి ఉంటాయి. రాతిని, సున్నాన్ని మన దగ్గరి నుంచి తీసుకుని దేవునికి ఇల్లు కట్టినప్పుడు, మన ఆడవాళ్ల గొంతు ఆ ఇంట్లోకి ఎందుకు రాకూడదు?

అదే అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముఖం మీదే అన్న మాట ఒకటుంది. పేదలకు తిండి పెట్టడానికి మీ ఆస్తి ఇచ్చారు, కాల్చబడడానికి మీ శరీరాలు ఇచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని. ఆయన అడిగిన సందర్భం వేరు. కానీ దుఃఖంలో ఉన్న ఇళ్లకు పోయినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది. బియ్యం బస్తా ఇస్తాం, గంటసేపు వాక్యం ఇస్తాం. నేల మీద వాళ్ల పక్కన కూర్చోవడం మాత్రం మనకు కష్టం. "ఏడ్చువారితో ఏడువుడి" అని రోమా పన్నెండో అధ్యాయంలో ఉంది. వాట్సాప్‌లో మనం పంపుకునేది ఎనిమిదో అధ్యాయం.

మళ్లీ చూస్తామన్న మాట

శోకం ఒక్కటే చాలని నేను అనడం లేదు. పెద్దమ్మ ఏడ్చి వెళ్లిపోయింది. పోయేముందు, "ఇగ ఏముంది చెల్లే, పోయినోడు పోయిండు" అంది. అమ్మ దానికి ఒప్పుకోలేదు. "పోలేదక్కా, పండుకున్నడు. నేను పోయి చూస్త" అంది. ఆ మాట ఆమెకు ఎవరూ కొత్తగా నేర్పలేదు, చిన్నప్పటి నుంచి గుడిలో వింటున్నదే. కానీ ఏడ్చాకే అది ఆమె నోటికి వచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో శరీరం విత్తబడి లేపబడుతుందన్న చోటు ఆమెకు చాలా ఇష్టం. మిర్చి నారు పోసినప్పుడల్లా దాన్ని గుర్తు చేస్తుంది.

ఈ నమ్మకం తమ్ముడు లేని లోటు తీర్చలేదు. మిర్చి ఏరే కాలంలో అమ్మ ఇప్పటికీ సరిగా నిద్రపోదు. మరదలు ఒక్కతే కౌలు లెక్కలు, అప్పుల లెక్కలు చూసుకుంటుంది. పిల్లవాడు స్కూల్లో తండ్రి సంతకం అడిగితే మౌనంగా ఉంటాడు. దేవుడు ఎందుకు ఇట్లా చేశాడో మాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్ల మాట నేను వినను. మళ్లీ చూస్తామన్న నిరీక్షణ అమ్మకు ఇచ్చిందేమిటంటే, కొడుకు గురించి ఇంకా "ఉన్నాడు" అన్నట్టే మాట్లాడే ధైర్యం. ఆ ధైర్యంతో ఆమె రోజు గడుపుతుంది. నాకు అది తక్కువేమీ కాదు.

శోకం, నిరీక్షణ ఒకచోట ఇమడవనే వాళ్లు ఈస్టర్ తెల్లవారుజామున ఏదో ఒక సమాధుల తోటకు వెళ్లి చూడాలి. ముందురోజే సమాధులకు సున్నం వేసి, బంతిపూల దండలు వేస్తాం. చీకటుండగానే క్యాండిళ్లు వెలిగించి పునరుత్థాన గీతాలు పాడతాం. ఆ పాటల మధ్యే ఎక్కడో ఒక ముసలమ్మ సమాధి మీద చెయ్యి వేసి రాగం తీస్తుంది. ఆ రోజు ఆమెను ఎవరూ ఆపరు. పాట ఆగదు, ఆమె ఏడుపూ ఆగదు. కాజీపేట వైపు నా కథోలిక స్నేహితులకైతే నవంబర్ 2న సమాధుల పండుగ ఉంది, ఫాదర్ సమాధుల మధ్య తిరిగి ఆశీర్వదిస్తుంటే పక్కనే కుటుంబాలు ఏడుస్తుంటాయి. ఏడాదికోసారి తోటలో ఒప్పుకున్నదాన్ని, మనిషి పోయిన రోజు ఇంట్లో ఎందుకు ఒప్పుకోం?

మా పాస్టరుగారిని నేను అడిగింది చిన్న విషయమే. భూస్థాపన రోజున ప్రార్థన మొదలుపెట్టే ముందు ఒక గంట ఆ ఇంటి ఆడవాళ్లకు వదిలేయండి, మైకు, కీబోర్డు ఆపేయండి, మీరూ వచ్చి కింద కూర్చోండి. ఆ తర్వాత మీ ఆరాధన క్రమం మీ ఇష్టం. ఆదరణ కూటంలో సాక్ష్యం చెప్పమని విధవరాలి చేతికి మైకు ఇవ్వకండి, ఆమె తానే అడిగితే తప్ప. ఆయన చాలాసేపు ఆలోచించారు. "దేవుణ్ని నిందించే మాటలొస్తే నేనేం చెయ్యాలమ్మా?" అన్నారు. యోబు గ్రంథం మళ్లీ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదవండి అయ్యగారూ అన్నాను. సంఘ పెద్దల మీటింగ్‌లో పెడతానన్నారు. పెద్దల్లో ఇద్దరు ససేమిరా ఒప్పుకోరని నాకు తెలుసు. స్త్రీల సమాజం వాళ్లతో మాట్లాడి, మీటింగ్ రోజు మేమూ వస్తామని కబురు పంపాం. అమ్మ కూడా వస్తానంది.